ఖిల్లా గోడ మీద రాతిపువ్వు

బిర్యానీ దినుసుల పొట్లం విప్పితే లవంగాలు, దాల్చినచెక్క, జాపత్రి, అనాసపువ్వుల మధ్య ఎండి ముడుచుకుపోయిన ఆకుముక్కల్లాంటివి కొన్ని కనిపిస్తాయి. ఒక వైపు బూడిదరంగు, రెండో వైపు నలుపు. కిరాణా కొట్లో రాతిపువ్వు అని అడిగితే ఇచ్చేది ఇదే. ఆయుర్వేదం శైలేయం అంది. రెండు పేర్లలోనూ రాయి ఉంది గానీ, కొట్టుకు వచ్చే సరుకులో చాలా భాగం హిమాలయాల్లోనూ పడమటి కనుమల్లోనూ చెట్ల బెరడు మీంచి ఒలిచి తెచ్చిందే. పేరులో పువ్వు ఉన్నా ఇది పువ్వు కాదు. వేరు, కాండం, ఆకు అనే విభజనే దీనికి లేదు. ఇది లైకెన్.

ఖమ్మం ఖిల్లా గోడల మీది మచ్చలను గుర్తుపట్టడం నేర్చుకుందామని మొదలుపెట్టినవాణ్ణి నేను. మొదటి పాఠం మాత్రం వంటింట్లోనే దొరికింది. గోడ మీది మచ్చ రాయికి అతుక్కుపోయి ఉంటుంది, దాన్ని కోసి చూడలేం, కోయకూడదు కూడా. రాతిపువ్వునైతే నానబెట్టొచ్చు, చీల్చొచ్చు, పాడుచేసుకోవచ్చు. పది రూపాయల సరుకుతో పది రోజుల చదువు అవుతుంది.

ఒక ముక్కను నీళ్ళ గిన్నెలో వేయండి. పెళుసుగా ఉన్నది నిమిషాల్లో మెత్తని తోలులా సాగుతుంది. ఇప్పుడు కొత్త బ్లేడుతో అడ్డంగా కోసి, కోసిన అంచును పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద పెట్టండి. గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి తగిలించుకునే అద్దమైనా చాలు. ఆ ముక్క మొత్తం మందం పావు మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అందులోనే ఒక మిద్దె ఇల్లు ఉంది.

పైన బూడిదరంగు కప్పు. శిలీంధ్రపు పోగులు ఒకదానికొకటి అతుక్కుని, గట్టిపడి, గచ్చు చేసినట్టు ఏర్పడిన తోలు అది. దాని కిందే సన్నని ఆకుపచ్చ గీత. అది నాచు, అంటే ఏకకణ శైవలాలు. కప్పు ఎండను కొంత ఆపి, కొంత లోపలికి వదులుతుంది. ఆ వదిలిన వెలుగు సరిపోయే లోతులోనే నాచు కణాలు వరుసతీరి ఉంటాయి, ఇంకా కిందికి దిగవు. వాటి కింద ఇంటిలో ఎక్కువ భాగం ఆక్రమించే తెల్లని దూది. ఇక్కడ పోగులు వదులుగా, గాలి ఆడేలా అల్లుకుని ఉంటాయి. వాటి మీద నీళ్ళను అంటనివ్వని పూత ఉంటుంది. కాబట్టి పైకప్పు తడిసి ముద్దయినా లోపలి దూదిలో గాలికి దారి మూసుకుపోదు. అట్టడుగున నల్లని తోలు. దాన్నుంచి కిందికి నూగులాంటి నల్లని పోగులు, రైజీన్లు అంటారు. చూడ్డానికి వేళ్ళలా ఉంటాయి కానీ వాటి ముఖ్యమైన పని పట్టుకుని ఉండడం. తాగేదంతా ఒంటితోనే: వాన, మంచు, గాలిలోని చెమ్మ, ఏది తగిలితే అది.

శిలీంధ్రం ఇల్లు కడుతుంది, నాచు వండిపెడుతుంది. ఆకుపచ్చ నాచు తయారుచేసే రిబిటాల్ లాంటి చక్కెర పదార్థం కణం గోడ దాటి పోగుల్లోకి వెళ్తుంది. ఇది ఒక జీవి కాదు, రెండు జీవుల కాపురం అని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ 1867లో చెప్పినప్పుడు లైకెన్ల పండితులే ఆయన మీద విరుచుకుపడ్డారు. దాదాపు నూటయాభై ఏళ్ళకు, 2016లో టోబీ స్ప్రిబిల్, ఆయన సహచరులు చాలా లైకెన్ల పైతోలులో మూడోదాన్ని, ఒక రకం ఈస్టును, చూపించారు. కాపురంలో ఎవరెవరు ఉన్నారన్న లెక్క ఇంకా తెగలేదు.

ఈ కోత కళ్ళకు కట్టాక ఖిల్లాకు బయల్దేరాను.

ఊరి నడిబొడ్డున గుట్ట, గుట్ట చుట్టూ గోడ. కాకతీయుల కాలం మొదలుకొని 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీలకు, ఆ తర్వాత ఆసఫ్‌జాహీలకు చేతులు మారుతూ వచ్చిన కోట. ఎవరి కాలంలో వాళ్ళు కలిపారు, పెంచారు, అతికారు. అందుకే ఒకే గోడలో పెద్ద బండలను పేర్చిన వరసలు ఒకచోట, సున్నం గచ్చు కూరిన సందులు మరోచోట. ఆ తేడా చరిత్రకారుడికి ఎంత ముఖ్యమో లైకెన్లకూ అంతే. ఎందుకో ముందుకు వెళ్ళాక చెబుతాను.

మొదటి చిక్కు మన మాటలోనే ఉంది. గోడ మీద నల్లగా, పచ్చగా, తెల్లగా ఏది పెరిగినా మనం అనేది ఒకటే: పాచి పట్టింది. ఆ ఒక్క మాట కింద నాలుగు రకాల జీవులైనా ఉంటాయి. మెత్తని పట్టుకుచ్చులా, చిన్న ఆకులతో ఉండేది నాచుమొక్క, అంటే మాస్. వాన నీళ్ళు జారే దారిలో పైనుంచి కిందికి నల్లని చారలుగా దిగేది ఎక్కువగా సయనోబాక్టీరియా. నీడపట్టు గోడల మీద నారింజరంగు మఖమలు గుడ్డలా పరుచుకునేది ట్రెంటిపోలియా అనే శైవలం. పేరుకు ఆకుపచ్చ శైవలమే అయినా లోపలి కెరోటిన్ రంగు దాని పచ్చదనాన్ని కప్పేస్తుంది. నాలుగోది లైకెన్. తమాషా ఏమిటంటే, ఆ సయనోబాక్టీరియా, ఆ ట్రెంటిపోలియా కొన్ని లైకెన్లలో వంటమనుషులుగా చేరేవే. గోడ మీద ఒంటరిగా తిరిగేవాళ్ళు, ఇంకోచోట కాపురం చేసేవాళ్ళు.

వేరు చేయడానికి మొదటి పనిముట్టు నీళ్ళు చిమ్మే చిన్న సీసా. ఇస్త్రీ చేసేటప్పుడు వాడేది. ఎండిన బూడిదరంగు మచ్చ మీద రెండు మూడుసార్లు చిమ్మి, నిమిషం ఆగండి. మచ్చ పచ్చబారితే అది లైకెన్ కావడానికి మంచి ఆస్కారం ఉంది. తడిసిన పైతోలు నూనె కాగితంలా పారదర్శకమై, కింద ఉన్న నాచు పొర పైకి కనపడుతుంది. ఎండినప్పుడు తోలు మసకబారి వెలుగును అడ్డుకుంటుంది. ఎండ కాసేది, నాచు పని ఆగిపోయేది ఒకే వేళ కాబట్టి, అవసరం తీరినప్పుడు తెర దానంతటదే దిగే కిటికీ అన్నమాట. దీనికోసం విడిగా ఏ యంత్రాంగమూ లేదు, తోలులోకి నీరు చేరడం, పోవడం అంతే. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పని చేయించుకున్న కట్టడం నాకు ఇంకొకటి తట్టడం లేదు.

నీళ్ళకు పచ్చబడనివీ ఉంటాయి. మొదటి రోజు రాతి మెట్టు పక్కన ఒక నారింజరంగు మచ్చను చూసి పరవశించి, పుస్తకంలో కాలోప్లాకా అని రాసేసుకున్నాను. అది ఎండు శిలల మీద, సున్నపు గోడల మీద పెరిగే నారింజ లైకెన్ల ప్రజాతి. నీళ్ళు చిమ్మగానే మచ్చ కరిగి నా వేలికి అంటుకుంది. సిందూరం! ఎవరో ఆ రాతికి ఎప్పుడో దణ్ణం పెట్టుకున్నారు. ఆ పేజీ చింపలేదు, అలాగే ఉంచుకున్నాను. ఆ తర్వాత సున్నం చినుకులు, జాజు మరకలు, పావురాల రెట్టలు కూడా వరసగా నన్ను మోసం చేశాయి. మన రాళ్ళ మీద మనుషుల భక్తికి, సున్నానికి, లైకెన్లకు ఒకే రంగుల పెట్టె. కాబట్టి భూతద్దం లేకుండా, తడిపి చూడకుండా పేరు రాయకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం అక్కడ పుట్టింది.

భూతద్దం వాడడానికీ పద్ధతి ఉంది. అద్దాన్ని రాతి దగ్గర పెట్టి దూరం నుంచి చూస్తే ఏమీ కనపడదు. అద్దాన్ని కంటికి ఆనించుకుని, ముఖంతో సహా రాతి దగ్గరికి వెళ్ళాలి, రెండున్నర సెంటీమీటర్ల దాకా. అలా ముక్కు గోడకు రాసుకునేంత దగ్గరగా నిలబడి ఉన్నప్పుడు వెనక నుంచి ఒక పెద్దాయన అడిగాడు.

"ఏంది బాబూ, గోడకు ముద్దులు పెడ్తున్నవా?"

"పాచి చూస్తున్నా తాతా."

"పాచిని చూసేదేంది? గోకేది గానీ."

అద్దం ఆయన చేతికిచ్చాను. కాసేపు అటూ ఇటూ జరిపి, దూరం కుదిరాక కదలకుండా నిలబడిపోయాడు. "దీపంతలున్నయ్ గదా లోపల! ఇన్ని దీపంతలు!" అన్నాడు.

ఆయన చూసినవి అపోతీసియాలు, శిలీంధ్రం బీజాలు తయారుచేసే గిన్నెలు. ఒక్కొక్కటి అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు. నిజంగా ప్రమిదల్లాగే ఉంటాయి. గుండ్రని అంచు, మధ్యలో నల్లగానో గోధుమరంగుగానో నూనె పోసినట్టు నిండిన బిళ్ళ. గుర్తింపులో మొదటి పెద్ద చీలిక ఈ ప్రమిద అంచు దగ్గరే వస్తుంది. అంచు చుట్టుపక్కల ఒంటి రంగులోనే ఉంటే, అంచులోకి కూడా నాచు కణాలు వచ్చాయని అర్థం. లెకనోరా తరహా అంటారు. అంచు కూడా బిళ్ళలాగే నల్లగా ఉంటే అందులో నాచు లేదు, శిలీంధ్రం ఒక్కటే కట్టుకున్న గిన్నె. అది లెసీడియా తరహా. కొన్నింట్లో ప్రమిదే ఉండదు, కుండను రాతిలో పాతిపెట్టి మూతి మాత్రం బయట పెట్టినట్టు నల్లని చుక్కలు ఉంటాయి. వాటి పేరు పెరితీసియా. పదిరెట్ల అద్దంతో, గోడను తాకకుండా, ఈ మూడింటినీ విడదీయొచ్చు. ఆ పెద్దాయన ఒక్క నిమిషంలో విడదీసినంత పని చేశాడు. నాకు వారం పట్టింది.

ఒంటి తీరు సంగతి అంతకంటే సులువు, త్వరగా చెప్పేస్తాను. గోరుతో లేపితే అంచు లేచేది ఆకు తరహా, మన రాతిపువ్వు ఈ తెగదే. కొమ్మలుగా లేచి నిలబడేది, వేలాడేది పొద తరహా. ఖమ్మం ఎండల్లో బోసి రాతి మీద దానికోసం వెతికి లాభం లేదు, చల్లని కొండల్లో చూడాలి. రాయి విరిస్తే తప్ప ఊడిరానిది చెక్కు తరహా, కోట గోడ మీద ఎక్కువ భాగం ఇదే. దీనికి అడుగు తోలు ఉండదు. దూది పోగులు నేరుగా రాతి రవ్వల మధ్యకు దిగిపోతాయి. ఇల్లు రాతి మీద ఉందా, రాతిలో ఉందా అన్నది చెప్పడం కష్టం. ఇవి కాక చిన్న పొలుసుల తరహా ఒకటి. దక్కను నల్లరాతి గుట్టల మీద ఎక్కువగా కనపడే పెల్టులా ఈ కోవలోది. ఆలివ్ గోధుమరంగు పొలుసులు, ప్రతి పొలుసూ మధ్యలో ఒక్క బొడ్డుతో రాతికి అంటి ఉంటుంది. దీని వంటమనిషి సయనోబాక్టీరియా. ఇక్కడొక మంచి తర్కం ఉంది. ఆకుపచ్చ నాచున్న లైకెన్లు గాలిలోని చెమ్మతోనే మేలుకోగలవు. సయనోబాక్టీరియాతో కాపురం చేసేవాటికి చెమ్మ చాలదు, నీళ్ళే కావాలి. కాబట్టి పెల్టులా లాంటివి వాన నీరు జారే దారుల వెంట, నీరు ఆగే గుంటల అంచుల్లో ఉంటాయి. బండ మీద అవి గీసిన పటం చూస్తే వానాకాలంలో నీరు ఎటు పారుతుందో వేసవిలోనే చెప్పొచ్చు.

ఇక గోడ సంగతి. ఖిల్లా రాయి గ్రానైటు జాతిది. అందులో సిలికా ఎక్కువ, ఆమ్ల స్వభావం. సందుల్లో కూరిన గచ్చు సున్నం, క్షార స్వభావం. లైకెన్లకు ఈ రెండూ రెండు వేరు దేశాలు. బండ నడిమి భాగాన బూడిదరంగు, గోధుమరంగు చెక్కులు, నల్ల ప్రమిదల బ్యుయెల్లియా లాంటివి ఉంటాయి. సున్నపు సందు వెంట, ఆ సందు నుంచి సున్నపు నీరు ఊరి దిగిన మేర నారింజ, పసుపు, సుద్ద తెలుపు చెక్కులు మొదలవుతాయి. అలా దూరం నుంచి చూసినా సందు ఎక్కడుందో రంగుల గీత చెప్పేస్తుంది. సున్నం రాలిపోయి, కళ్ళకు కనపడని చోట కూడా నారింజ లైకెన్ కనిపిస్తే ఒకప్పుడు ఇక్కడ గచ్చు ఉందేమోనని అనుమానించొచ్చు. పావురాలు వాలే అంచుల్లోనూ నారింజ రంగు కడుతుంది, రెట్టలోని నత్రజని ఆ లైకెన్లకు ఇష్టం. కాబట్టి అనుమానం తీర్పు కాకూడదు. గోడను కట్టిన మేస్త్రి ఎక్కడ ఏం వాడాడో ఆయన ఎవరికీ రాసిపెట్టి పోలేదు. ఈ మచ్చలు చాలావరకు చదివి చెబుతాయి.

ఆ నారింజ రంగు పేరు పారియెటిన్. పైతోలులో సన్నని స్ఫటికాలుగా పేరుకుని, తీక్షణమైన నీలి కాంతిని కింది నాచుకు తగలకుండా పీల్చుకుంటుంది. ఎండ ఎక్కువ పడే చోట రంగు ముదురుతుంది, నీడలో పాలిపోతుంది. లైకెన్ల ఓర్పు ఎంతటిదంటే, 2005లో యూరప్ అంతరిక్ష సంస్థ రెండు రాతి లైకెన్లను రష్యా ఉపగ్రహం మీద దాదాపు రెండు వారాలు శూన్యంలో, సూర్యుడి కిరణాల్లో ఆరబెట్టి వెనక్కి తెచ్చింది. నీళ్ళు తగలగానే పని మొదలుపెట్టాయి. వాటిలో ఒకటి నారింజరంగుదే. ఖమ్మం మే నెల ఎండ మనకు గొప్ప గానీ వాటికి కాదు.

ఇప్పుడు నేను ఈ చదువులో అన్నిటికంటే ఎక్కువ ఇష్టపడిన జంట గురించి. పిక్సీన్ కొకోయిస్, డిరినేరియా అప్లనేటా. రెండూ ఆకు తరహావి. రెండూ బూడిద తెలుపు. రెండూ సన్నని పాయలుగా చీలి, గుండ్రంగా, చీర అంచు మడతల్లా బయటికి విచ్చుకుంటూ రాతికి బిగిసి ఉంటాయి. రెండింటి పాయల మీదా పిండి రాలినట్టు బొడిపెలు. రెండూ మన మైదానాల్లో మామూలుగా దొరికేవే, మామిడి, కొబ్బరి మానుల మీద మరీనూ. కొకోయిస్ అన్న పేరే కొబ్బరి మీంచి వచ్చింది. మొదట ఒక నెల నాకు ఈ రెండూ ఒకటే.

విడదీసే ఉపాయాలు మూడు. ఒకటి, అంచును కాస్త లేపి అడుగు చూడడం. పిక్సీన్‌కు నల్లని రైజీన్లు ఉంటాయి, డిరినేరియాకు ఉండవు, అది ఒళ్ళంతా అతుక్కుని పడుకుంటుంది. రెండు, పొటాషియం హైడ్రాక్సైడు పదిశాతం ద్రావణం, కె పరీక్ష అంటారు. అగ్గిపుల్ల మొనతో ఒక చుక్క పెడితే డిరినేరియా పైతోలు పసుపుబారుతుంది, అందులో అట్రనోరిన్ అనే పదార్థం ఉంది. పిక్సీన్ కొకోయిస్‌లో ఏ మార్పూ రాదు. మూడోది అందరికీ చేతనయ్యేది: దొంగనోట్లు పట్టే నీలి టార్చి, అతినీలలోహిత కాంతిది. మసకచీకట్లో వెలుగు వేస్తే పిక్సీన్ గుడ్డు సొనలా పసుపుగా మెరుస్తుంది. పక్కనే ఉన్న డిరినేరియా మొద్దులా ఉండిపోతుంది. పగలు కవలల్లా కనిపించినవాటిలో ఒకదాని చర్మంలో లైకెక్సాంతోన్ అనే పదార్థం ఉంది, రెండోదానిలో లేదు. మొదటిసారి మా పెరట్లో మామిడి మాను మీద చూసినప్పుడు ఇంట్లోవాళ్ళనందరినీ పిలిచి చూపించాను. వాళ్ళు చూసి వెళ్ళిపోయారు. నేను మాత్రం టార్చి బ్యాటరీ అయిపోయేదాకా ఉన్నాను.

రసాయనాలతో లైకెన్లను విడదీయొచ్చని 1866లో కనిపెట్టినవాడు ఫిన్లాండులో పుట్టి పారిస్‌లో స్థిరపడిన విలియం నైలాండర్. క్షారం, బ్లీచింగు ద్రావణం, ఈ రెండూ ఆయన చలవే. అదే ఏడాది పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటలో లైకెన్లను లెక్కపెట్టి, నగరంలో గాలి ఎక్కడ బాగుందో అవి చెప్పగలవని రాశాడు. ష్వెండెనర్ చెప్పిన కాపురం సిద్ధాంతాన్ని మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. రంగు మారడాన్ని చూపినవాడు, లోపల ఎవరున్నారో నమ్మలేదు! బడిలో ఆమ్ల క్షారాలకు వాడే లిట్మస్ కాగితం రంగు కూడా లైకెన్ల నుంచి వచ్చిందే కాబట్టి, మనలో చాలామందికి ఈ రసాయనంతో ఏడో తరగతి నుంచే పరిచయం ఉన్నట్టు లెక్క.

ఈ రసాయన పరీక్షలు ఖిల్లా గోడ మీద చేయకూడదు. క్షారం చుక్క అయినా, గోకుడు అయినా పాత కట్టడానికి నష్టమే. టార్చి, నీళ్ళు, అద్దం, ఇవే అక్కడ. రసాయనం సాధన చేయడానికి మళ్ళీ కిరాణా రాతిపువ్వే ఉంది. తెల్లకాగితం మీద పెట్టి, బ్లేడుతో పైతోలు గీకి, తెల్లని దూది మీద బట్టలకు వాడే బ్లీచింగు ద్రావణం చుక్క వేయండి. కొన్ని ముక్కలు ఎర్రగా సిగ్గుపడతాయి, లెకనోరిక్ ఆమ్లం ఉన్నవి అవి, ముఖ్యంగా పార్మోట్రీమా టింక్టోరమ్. కొన్ని కదలవు. ఒకే పొట్లంలో రెండు మూడు జాతులు కలిసి ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది. వంటకు తేడా లేకపోవచ్చు. చుక్క వేసిన ముక్కను మాత్రం వంటలో వేయకండి, క్షారం చర్మాన్ని కాలుస్తుంది, పిల్లలకు అందనివ్వకండి.

పాయల మీద పిండి అన్నాను. ఆ పిండిని అద్దంలో చూడాలి. ఒక్కో రేణువు, అంటే సొరీడియం, కొన్ని నాచు కణాల చుట్టూ శిలీంధ్రపు పోగులు చుట్టుకున్న చిన్న మూట. వానచినుకు తగిలినా, చీమ కాలు తగిలినా ఊడి వెళ్ళి ఇంకోచోట మొలుస్తుంది. ప్రమిదల్లోని బీజాలు అలా కాదు. వాటిలో శిలీంధ్రం ఒక్కటే ఉంటుంది, పడిన చోట తగిన నాచు దొరికితేనే బతుకు. ఒకటి పెళ్ళిచూపులకు వెళ్ళే దారి, ఇంకొకటి సామాను సర్దుకుని మకాం మార్చే దారి. చాలా లైకెన్లు రెండింటిలో ఒకదాన్నే ఎక్కువగా నమ్ముకుంటాయి. పిండి బాగా రాల్చేవాటి మీద ప్రమిదలు అరుదు. ఇంకొన్నింటి మీద పిండికి బదులు వేళ్ళలాంటి చిన్న మొలకలు, ఐసిడియా, లేస్తాయి. ఇవి తోలు కప్పుకుని ఉంటాయి, కాలు తగిలితే విరుగుతాయి. పిండా, మొలకా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే పుస్తకంలో సగం పేజీలు దాటినట్టే.

పుస్తకం అంటే ధరణీధర్ అవస్థిది. లక్నో విశ్వవిద్యాలయంలో పనిచేసిన అవస్థిని భారతదేశ లైకెన్ శాస్త్రానికి తండ్రి అంటారు. భారత, నేపాల్ దేశాల పెద్ద లైకెన్లకు 1988లో, శ్రీలంకను కూడా కలుపుకుని చిన్న లైకెన్లకు 1991లో ఆయన గుర్తింపు పట్టికలు వచ్చాయి. పట్టిక కట్టుబడే ఒక ముచ్చట. ప్రతి మెట్టు మీదా రెండే దారులు. పాయల అంచుకు నూగు ఉందా, లేదా? పిండి ఉందా, లేదా? తెల్లని దూది బ్లీచింగుకు ఎర్రబడిందా, లేదా? ఔనంటే ఒక అంకె, కాదంటే మరో అంకె, ఆ అంకె దగ్గర మళ్ళీ రెండు దారులు. మన దేశంలో 2,500కు పైగా లైకెన్ జాతులు నమోదయ్యాయి. అన్నింటినీ ఇలా ఔను, కాదుల నిచ్చెన మీద నిలబెట్టాలంటే ప్రతి జాతినీ చేతితో పట్టుకుని చూసి, దానిలో మారనిది ఏదో, ఎండకు వానకు మారేది ఏదో తేల్చుకుని ఉండాలి. మారేదాన్ని మెట్టుగా పెడితే నిచ్చెన విరుగుతుంది. రంగు పెద్దగా నమ్మదగ్గది కాదని, అంచు, అడుగు, ప్రమిద, రసాయనం నమ్మదగ్గవని ఆ పట్టికలో దిగితే చెప్పకుండానే అర్థమవుతుంది. చెక్కు తరహా దగ్గర మాత్రం నా నిచ్చెన సగంలో ఆగిపోతుంది. బీజం ఆకారం చూడాలంటే సూక్ష్మదర్శిని కావాలి. కాబట్టి గోడ మీది చెక్కుల్లో చాలావాటికి నా పుస్తకంలో జాతి పేరు లేదు, ప్రజాతి దగ్గరే ఆపేశాను. తెలియని పేరు రాయడం కంటే అది మేలు.

ఖిల్లా మీద మూడు నెలలు తిరిగాక భద్రాచలం అడవి వైపు వెళ్ళాను, గుడికి కాదు. పూజలందుకునే రాతికి నూనె, పసుపు, కడుగుడు తప్పవు, అక్కడ లైకెన్‌కు చోటుండదు. వెళ్ళింది పినపాక మండలం జానంపేటకు. ఇనుప యుగం నాటి రాతి సమాధులు అక్కడ గుంపులుగా ఉన్నాయి. జనం రాక్షస గుళ్ళు అంటారు. ఈ ప్రాంతపు సమాధుల మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన కె.పి. రావు పరిశోధించారు, గుండాల మండలం దొంగతోగు దగ్గర మనిషి ఆకారపు రాతి విగ్రహాలను కూడా లోకానికి పరిచయం చేశారు. సమాధి కట్టుబడి చూడండి: చుట్టూ రాళ్ళ వలయం, మధ్యలో నిలువు పలకలతో గది, లోపల రాతిని తొలిచిన తొట్టి, పైన అన్నింటినీ మూసే ఒకే ఒక్క పెద్ద పలక. సున్నం లేదు, మేకు లేదు. బరువే బంధం.

ఇక్కడి రాయి మారిపోయింది. ఖమ్మం గ్రానైటు వెనకబడి, గోదావరి లోయ ఇసుకరాయి వచ్చింది. పక్కనున్న మణుగూరు బొగ్గు ఏ గోండ్వానా పొరల్లో ఉందో ఆ కుటుంబపు రాయే. ఇసుకరాయి రవ్వ వదులు, నీళ్ళు పీలుస్తుంది, చెట్ల నీడ తోడైంది. దాంతో లైకెన్ల అమరిక కూడా తిరగబడింది. పై పలక మీద ఎండ, వాన నేరుగా పడే చోట గట్టి చెక్కులు, ఆకు తరహావి. అంచు దాటి పలక కిందికి వంగి చూస్తే, వాన చుక్క ఎన్నడూ తగలని ఆ చూరు కింద, పాలిపోయిన ఆకుపచ్చ పిండి చల్లినట్టు ఒక పూత. ప్రమిదలు లేవు, తోలు లేదు, అంచు లేదు. లెప్రేరియా తరహా అది. ఒళ్ళంతా సొరీడియాలే, ఇల్లు కట్టకుండా మూటలతోనే కాలం గడిపే లైకెన్. దాని మీద నీళ్ళు చిమ్మాను. తడవలేదు. తామరాకు మీద లాగా చుక్కలు గుండ్రంగా నిలిచి జారిపోయాయి. వానలో తడిస్తే ఊపిరాడదు కాబట్టి వానను ఒంటికి అంటనివ్వదు, గాలిలోని చెమ్మ ఒక్కటే తాగుతుంది. అందుకే అది చూరు కిందనే ఉంటుంది. నాకు ఖిల్లాలో అంత ఉపయోగపడిన నీళ్ళ సీసా ఇక్కడ ఓడిపోయింది, ఓడిపోవడమే గుర్తు అయింది.

రెండు వేల ఏళ్ళకు పైగా ఆ పలక అక్కడే ఉంది. చూరు కింది పిండికీ పైనున్న చెక్కుకీ మధ్య హద్దు గీత ఇంచుమించు వాన పడే గీతే. పలక ఎప్పుడైనా పక్కకు ఒరిగితే ఆ గీత కూడా మెల్లగా ఒరుగుతుంది.

పాత రాళ్ళను శుభ్రం చేయాలన్న ఉత్సాహం ఈమధ్య బాగా పెరిగింది. కొన్ని గుళ్ళలో ఇసుకను గాలితో కొట్టి రాతిని తెల్లగా చేశారు, పాచితో పాటు శిల్పుల ఉలి గీతలూ శాసనాల అంచులూ పోయాయి. లైకెన్లు రాతికి హాని చేయవని నేను అనడం లేదు. వాటి ఆమ్లాలు, రవ్వల మధ్య దిగే పోగులు రాతిని నెమ్మదిగా తింటాయి, కొన్నిచోట్ల తీసేయాల్సిందే. ఏది తినేది, ఏది కాచేది అని నిపుణులు ఒక్కో గోడకు ఒక్కోలా తేలుస్తున్నారు. బ్రష్షు పట్టుకునే ముందు అద్దం పట్టుకోమని మాత్రం అడుగుతాను.

మీరూ మొదలుపెట్టదలుచుకుంటే ఖిల్లాకు వానాకాలం తర్వాత, పొద్దున ఏడులోపు వెళ్ళండి. మంచు ఇంకా ఆరక లైకెన్లు పచ్చగా, మేల్కొని ఉంటాయి. అద్దానికి దారం కట్టి మెళ్ళో వేసుకోండి, లేకపోతే మొదటి రోజే రాళ్ళ సందులో పడిపోతుంది. బ్లేడు ఇంట్లో వదిలేయండి. నీళ్ళ సీసాలు రెండు తీసుకెళ్ళండి, ఒకటి మీకు, ఒకటి గోడకు.